అర నూలు

రాణిగంజ్‌లో నట్లూ బోల్టులూ అమ్మే కొట్టు.
రెండు వేల మూడొందలు చెప్పాడు రంపానికి,
బిల్లు వద్దంటే వంద తగ్గిస్తానన్నాడు.
బిల్లే కావాలన్నాను.
బళ్లో ఫీజుల లెక్క రాసేదాన్ని,
కాగితం లేని వస్తువును ఎట్లా నమ్మను?

ఏడాది గ్యారంటీ అన్న ఆ కాగితం మీద
ఇప్పుడు ఒక్క అక్షరం మిగల్లేదు.
రంపం నడుస్తోంది. తొమ్మిదో ఏడు.

నడుస్తోంది అంటే,
మీట నొక్కాక ఒక గుక్కసేపు ఆలోచిస్తుంది.
తర్వాత కుక్కరూ మిక్సీ పక్కింటి బోరూ
కలిసి మొత్తుకున్నట్టు లేస్తుంది.
పావుగంట దాటిందా, వెనక జాలీలోంచి మాడిన బెల్లం వాసన.
అప్పుడు ఆపాలి. నేను టీ తాగాలి, అది గాలి తాగాలి.
కార్బన్ బ్రష్షులు నాలుగుసార్లు మార్చాను, జత నలభై.
వేపచెక్కకు మూలుగుతుంది.
టేకు పెడితే మొండికేస్తుంది.
ప్లైవుడ్ అంటే మాత్రం ప్రాణం.

మల్కాజిగిరిలో పట్టాల పక్కన మా వాటా.
మేడమీద చెక్క సిద్ధంగా పెట్టుకుని
రైలు కోసం చూసేదాన్ని.
రెండు గోలలూ ఒకటైపోతే
కింది వాటా విశాలాక్షమ్మగారు
దేన్ని తిట్టాలో తేల్చుకునేలోపు
నా కోత అయిపోయేది.

మొదట చెప్పుల స్టాండు.
తర్వాత హంసిని చదువుకునే బల్ల.
నాలుగు కాళ్లు కోస్తే ఏ రెండూ కలవలేదు,
ఒకదాని కింద అట్టముక్క మడిచి పెట్టాను.
ఆ అట్టముక్క మీదే అది పదో తరగతి పాసయింది.
వానకు ఉబ్బిన బాత్రూము తలుపు,
గ్యాసుబండ కిందికి చక్రాల పలక,
ఎవరూ అడక్కపోయినా ఒక పీట.

కొన్న వారంలోనే మెట్లమీద జారిపడింది.
అడుగు రేకు వంగింది.
అప్పట్నుంచీ ఎడమకు లాగుతుంది, అర నూలు.
గీత ఒకచోట, కోత ఒకచోట.
అది తెలుసుకోడానికి ఒక వానాకాలం,
నేర్చుకోడానికి ఒక ఎండాకాలం పట్టింది:
చూపు గీతకు కాస్త కుడిగా పెట్టాలి,
మణికట్టుతో, లేగదూడను నడిపినట్టు,
చిన్నగా అటు నెట్టాలి.
అప్పుడు సరిగ్గా గీతమీదే పడుతుంది.

సందు మలుపులో ఖైసర్ భాయ్ వడ్రంగి దుకాణం.
"అమ్మా, ఇది రంపం కాదు, ఖిలోనా" అని
చూసినప్పుడల్లా నవ్వేవాడు.
మొన్న రంజాన్ ముందర, పని నెత్తిమీదున్నప్పుడు
ఆయన పెద్ద మిషను కాలిపోయింది.
గుమ్మంలో నిలబడి, గోడవైపు చూస్తూ,
"మీ ఖిలోనా రెండ్రోజులు..." అన్నాడు.

తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.
కొత్త వైరు. దుమ్ము లేదు. నూనె పెట్టాడు.
అడుగు రేకు సుత్తితో కొట్టి కొట్టి
అద్దంలా సమం చేశాడు.
"సీదా కర్ దియా అమ్మా."
డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆదివారం అలమర పలక కోశాను. వంకర.
కళ్లజోడు తుడుచుకుని ఇంకోటి కోశాను. వంకర.
ఈసారి కుడికి.
మూలమట్టం పెట్టి చూస్తే,
ఖచ్చితంగా అర నూలు.

మిషన్లో ఏమీ లేదు.
వంపు నా మణికట్టులో ఉంది.

"ఎట్లుందమ్మా?" అని సందులో అడిగాడు.
"చాలా బాగుంది భాయ్" అన్నాను.
చెడిన పలకలు నీళ్ల ట్యాంకు వెనక దాచాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం తుక్కు చెక్కలు కోస్తున్నాను.
గీతమీదే చూడు అంటే కన్ను వింటోంది.
చెయ్యి వినడం లేదు.
హంసిని వచ్చి, "సుత్తితో మళ్లీ వంచెయ్యరాదే" అంది.
నిజంగానే సుత్తి తీశాను.
చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

దూరంగా కూత వినిపించింది.
సుత్తి పక్కన పెట్టి
పెన్సిల్‌తో ఇంకో గీత గీశాను.