నంబరు లేని గది

మస్కట్‌లో, అల్ ఖువైర్ కాలేజీ మూడో అంతస్తులో
నంబరు లేని గది ఒకటుంది.
మంచముంది, మినీబారుంది,
కిటికీ ఉండాల్సిన చోట సముద్రం ఫోటో ఉంది.
ఇంతవరకూ ఎవరూ పడుకోలేదక్కడ.

ఇరవై రెండేళ్లు హోటళ్లలో దుప్పట్లు దులిపిన నన్ను
ఈ సెమిస్టరు నుంచి సార్ అంటున్నారు.
లింబాద్రి సార్!
మెట్‌పల్లిలో వింటే నవ్విపోతారు.

తువ్వాళ్ల బండి దానంతటదే వస్తుంది,
గుమ్మంలో ఆగి నాలుగు భాషల్లో పలకరిస్తుంది.
తెలుగు ఇంకా రాదు, తొందరేం లేదు.
దుప్పటి మూల మడవడం తెర నేర్పుతుంది,
కోణం తప్పితే ఎర్రగా ఉరుముతుంది.

మరి మీరేం నేర్పుతారని
షంసా అడిగింది, నోటుబుక్కు తెరిచి.

దిండు ఒకవైపే తడిసి ఉంటే
ఆ పూట టీ పొట్లాలు రెండు ఎక్కువ పెట్టు.
నమాజు చాప ఎటు పరిచి పోయారో అటే ఉండనీ.
చెత్తబుట్టలో చింపిన ఉత్తరం
ముక్కలు కలిపి చూడకు.
నేను చూశాను, ఒకసారి.
ఆ మనిషి ముఖం ఇప్పటికీ పోదు.

రాసుకుంది. పరీక్షలో వస్తుందా అంది.
సిలబస్ తిరగేశాను. రాదు.
అందులో మొదటి పాఠం: అతిథి పేరు, పాస్‌పోర్టు నంబరు.

షంసా నవ్వింది:
"నిజ్వాలో మా తాతమ్మ మూడు రోజులదాకా పేరడగదు."
మా దిక్కు కాళ్లకు నీళ్లిచ్చినంకనే, అన్నాను.

ప్రాక్టికల్‌కి అతిథి కావాలి.
"మీరే పడుకోండి సార్."
చెప్పులు విడిచాను. మేకు బెజ్జమున్న సాక్సు దాచుకున్నాను.
క్యాంపులో పైబెర్తు మనిషిని,
ఇంత వెడల్పు ఏం చేసుకోవాలో తెలియలేదు.

బండి వచ్చి నాలుగు భాషల్లో నా పేరడిగింది.
షంసా దాన్ని పక్కకు జరిపి
గ్లాసుతో నీళ్లు పెట్టింది.
ఏమీ అడగలేదు.