టికెట్టు వెనక

చిత్తూరు నుంచి తిరుపతికి రోజుకు నాలుగు సింగిళ్లు.
ఇరవైరెండేండ్లుగా
ఈ చెవి మీద పెన్ను, ఈ చంకలో సంచి,
వేళ్ల సందుల్లో నిలువుగా మడిచిన నోట్లు.
చిల్లర లేకుంటే టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ణి:
పదమూడు. కింద ఒక గీత.
అడక్కుండా దిగిపోయినోళ్లు పాపం నిద్రపోయినోళ్లే.

ఇప్పుడు కార్డు.
ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి
తలుపు కాడి డబ్బాకు ఆనించాలంట.
ఆనించకుండా దిగితే
తిరుపతి దాకా పోయినట్టే లెక్క.
మొదటి వారమంతా నేను టికెట్లు కొట్టలేదు,
సమాధానాలు కొట్టినాను.

"దీంట్లో నా దుడ్లు యాడుండాయి నైనా?"
కార్డును ఎండకు పట్టి చూసింది పూతలపట్టు కుప్పమ్మ.
డబ్బాకు చూపించి
హారతి మాదిరి కండ్లకద్దుకున్నాడొకాయన.
చింతపండు బుట్టతో ఎక్కినామె
ఒకసారి తనకు, ఒకసారి బుట్టకు ఆనించింది.
రెండూ కోసుకుంది డబ్బా.
నేను సంచిలో చెయ్యి పెట్టినా, ఇద్దామని.
సంచి ఖాళీ.

"మనం యాడెక్కి యాడ దిగేదీ
పైన కూచోని చూస్తా ఉంటారంటబ్బా" అన్నారెవరో.
"పైనోడు చూసేది మనకు కొత్తా?
కొండమిందనే ఉండాడు గదా!"
బస్సంతా నవ్వింది.
"ఆయన చూస్తాడు గానీ
ఇంటికి మెసేజి పెట్టడు" అన్నాడు చెంగల్రాయులు,
కిటికీ పక్క మూడో సీటు.
ఆయనొక్కడే నవ్వలేదు.

బెల్లం మండీలో లెక్కలు రాసిన మనిషి.
ఆయనది నొక్కుల ఫోను.
కార్డు కొడుకు నెంబరు మీద తీసినారు.

ఆ కొడుకు డిపోకు వచ్చినాడొక సాయంత్రం. గుణశేఖరంట.
"మా నాయన కండ్లాస్పత్రికని తిరుపతికి పోతాడన్నా.
ఏడు మంగళవారాలుగా పనపాకం, పనపాకం అని పడతాంది.
పనపాకంలో ఏముండాది?"

నాకు తెలిసింది ఇంతే.
చేతిలో బొరుగుల పొట్లం ఉంటుంది.
చంద్రగిరి ఇంకా రాకముందే
జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు.
ఆయన దిగేదాకా ఒక చేత్తో తలుపు పట్టుకుంటాను,
మోకాళ్లు నొప్పులు గదా.
అంతకు మించి ఏనాడూ అడగలేదు.
ఎవరు యాడ దిగినారో ఈ కండ్లకు తెలుసు,
నోటికి చెప్పలేదు నేను.

"ఆ మిషను తిక్కది నాయనా" అన్నా.
"మొన్న నన్నే పలమనేరులో దించేసింది.
డ్యూటీలో నేనేమో పాకాల కాడ ఉండా."
వాడు నమ్మినాడో లేదో,
బండి తిప్పుకొని పోయినాడు.

మంగళవారం. మూడో సీటు. బొరుగులు.
"నీ కొడుకు వచ్చిపోయినాడు" అని మాత్రం అన్నా.
చాలాసేపు గాజు అద్దం బయట మామిడితోటలు చూసినాడు.
పనపాకం కాడ నిలబడి, దువ్వుకొని,
కార్డును చొక్కా లోపలి జేబులో దాచి,
డబ్బా వైపు చూడకుండా దిగినాడు.
నేను తలుపు పట్టుకున్నా.

ఆయన లేని సీటు తిరుపతి దాకా వచ్చింది,
పూర్తి చార్జీ కట్టుకొని.
కొడుకు ఫోనులో ఈపాటికి
కండ్లాస్పత్రికి చేరే ఉంటాడు చెంగల్రాయులు.

బస్టాండులో అందరూ దిగినాక
చెవి మీది పెన్ను తీసినా.
ఇరవైఎనిమిది. ఆయనకు నేను బాకీ.
రాయడానికి టికెట్టు లేదు.
అరచేతిలో రాసి, కింద గీత గీసి,
క్యాంటీనులో అన్నం ముందు కూచునేటప్పుడు
చెయ్యి కడుక్కున్నా.