పెన్సిలుతో నలభై మూడు

తరమణిలో ఆరో అంతస్తు.
కార్తీకం వాన రెండు రోజులుగా కిటికీని కడుగుతూనే ఉంది,
అద్దం మాత్రం మురికిగానే ఉంది.

మాది మందుల షాపులకి బిల్లు వేసే సాఫ్ట్‌వేర్.
గొప్పదేం కాదు.
జ్వరం వచ్చినవాడు కౌంటర్ ముందు
ఎంతసేపు నిలబడాలో తేల్చేది, అంతే.

నిదానమే ప్రధానం అని ఒక సామెత,
ఆలస్యం అమృతం విషం అని ఇంకొకటి.
ఒకే నోటితో రెండూ అనగల జాతి మనది.
ఆ రెంటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి
కొట్టుకోకుండా చూసినందుకు
నెలనెలా నాకు జీతం ఇస్తారు.

ఈ పక్క ఇళమారన్.
ఇరవై నాలుగేళ్లు. కుర్చీలో కూర్చోడు, పిట్టలా వాలతాడు.
సమస్య సగం చెప్పేలోపు
అతని వేళ్లు జవాబులో ఉంటాయి.

ఆ పక్క గ్లోరీ మేడమ్.
బైండు చేసిన నోటుబుక్కు, నీలం సిరా,
పరీక్షించాల్సిన అంశాలు నలభై రెండు.
టిక్కు పెట్టేటప్పుడల్లా పెదాలు కదుపుతుంది, జపంలా.
నెలకోసారి మా అందరిచేతా
ఎక్కించిన వెర్షన్‌ని వెనక్కి తీయించేది,
ఏమీ పాడవనప్పుడే, ఊరికే.
నిప్పులేని ఫైరింజను అని పేరు పెట్టింది మేమే.

శుక్రవారం ఐదు దాటాక ఫోన్.
డిస్కౌంటు తప్పు పడుతోందట, క్లయింటు గొంతులో ఉరుము.
ఇళమారన్ ఇరవై నిమిషాల్లో సరిచేశాడు.
గ్లోరీ నోటుబుక్కు తెరిచింది: రెండు గంటలు కావాలి.
ఇద్దరూ నావైపు చూశారు.
నేను గడియారం వైపు చూశాను.
"ఈ ఒక్కసారికి" అన్నాను.

ఆ రెండు మాటలూ
ఎప్పుడూ ఒక్కసారికి రావు.

ఇంటికి ఆటో. వేలచ్చేరి దగ్గర మోకాటిలోతు నీళ్లు.
రివ్వుమని పోతున్న డ్రైవరు
ఒకచోట మాత్రం నత్తలా గోడవారగా తిప్పాడు.
నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు.
"ఇక్కడ మూత లేదు సార్" అన్నాడు తమిళం కలిపిన తెలుగులో,
మళ్లీ రివ్వుమన్నాడు.

రాత్రి పదకొండు.
ఒక్క మాత్ర కొంటే
పది మాత్రల అట్టకి బిల్లు పడుతోంది,
మైలాపూర్ నుంచి తిరువాన్మియూర్ దాకా.
ఎవరో పెద్దాయన షుగరు మాత్రకి వచ్చి
చిల్లర చాలక తిరిగి వెళ్లిపోయాడని
షాపువాడు చెప్పాడు, కోపంగా కూడా కాదు.
విడి మాత్రలు: గ్లోరీ నోటుబుక్కులో పదకొండో అంశం.

ఆమె ఒక్క మోతకే ఫోనెత్తింది.
వెనక్కి తీయడానికి నాలుగు నిమిషాలు.
ఎవరూ ఎవర్నీ ఏ మీట అని అడగలేదు.
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె ఎక్కడుందో చేతికి తెలిసినట్టు.
ఆ రాత్రి మాలో అందరికంటే వేగం
ఆ నిప్పులేని ఫైరింజనుదే.

సోమవారం క్షమాపణ వల్లెవేసుకుంటూ వెళ్లాను.
ఆమె విననే లేదు.
ఇళమారన్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.
"పదిహేడు ఏంటి మేడమ్?"
చుక్కల ప్రింటరులో రిబ్బను బాగుందా, లేదా.
"ఆ ప్రింటర్లు ఎక్కడున్నాయి?"
పోయి ఆరేళ్లు.
ఆరేళ్లుగా టిక్కు పడుతూనే ఉంది.

కాసేపు వాన చప్పుడు.
గ్లోరీ నవ్వింది, ముందు చిన్నగా,
తరవాత కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత.

స్కేలు పెట్టి పదిహేడు కొట్టేసింది.
ఇరవై తొమ్మిది ఎందుకుందో ఆమెకే గుర్తులేదు,
వచ్చేవారం దాకా ఉండనిచ్చింది.
పదకొండు మీద ఇళమారన్ వేలు పెట్టి
"దీన్ని మిషను చేత చేయిస్తా,
ప్రతి మార్పుకీ, మనం నిద్రపోతున్నా" అన్నాడు.
సాయంత్రానికి రెండు గంటలు
నలభై నిమిషాలకి దిగాయి.

చివర నా వాటా నేనే అడిగి రాయించుకున్నాను.
నలభై మూడు: ఎవరైనా "ఈ ఒక్కసారికి" అన్నారా?

సిరాతో కాదు, పెన్సిలుతో రాసింది.
రబ్బరు మాత్రం
సొరుగులో పెట్టి తాళం వేసింది.