ఎడమ పక్క

బల్లారాట్‌లో ఆ శనివారం సన్నగా జల్లు.
మెర్విన్ షెడ్డులో
తెల్లగా ఉండాల్సిన వ్యాను పాత పంటి రంగులో ఉంది.
తొంభై నాలుగు మోడలు.
మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.
పానకాలు బానెట్ ఎత్తి
ఏమీ తెలియకపోయినా చాలాసేపు చూశాడు,
టైర్ని కాలితో రెండు తన్నులు తన్నాడు.
అది ఇలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టు
ఊరుకుంది.

మెర్విన్ దేన్నీ దాచలేదు.
పొద్దున్నే రెండో గేరు అలుగుతుందిట, బతిమాలాలిట.
ఫ్రిజ్జు దానికి బుద్ధి పుట్టినప్పుడు చల్లబడుతుందిట.
పైకప్పు కారుతుంది,
"కానీ ఎడమ పక్కే" అన్నాడు.
"ఎడమ పక్క నాది."

పంతొమ్మిదేళ్ళు ఎందుకు బాగుచేయించలేదని
అడగబోయి ఆగాను.
కుడివైపు గోడకి, తలగడ ఎత్తున
కళ్ళజోడు పెట్టుకునే చిన్న చెక్క అర.
అందులో ఇంకా ఒక తలపిన్ను.

ఆరు వేల దగ్గర మొదలై
ఐదు వేల రెండొందలకి తెగింది బేరం.
తెగాక ఆయనే లోపలికెళ్ళి
రెండు చెక్క చీలలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.
చక్రాల కింద పెట్టుకోవాలిట.
నేల ఎక్కడా సమంగా ఉండదుట.

ఇంటికొచ్చేలోపే సగం ట్యాంకు తాగేసింది.
మా ఆయనకి పేరిచ్చిన మంగళగిరి స్వామే నయం,
బిందెడు పోస్తే సగం తాగి సగం తిరిగిస్తాడు.
దీనికా మర్యాద లేదు.

మొదటి ప్రయాణం బోలాక్ చెరువుకి.
వృద్ధాశ్రమంలో రాత్రంతా
నూట నలభై దుప్పట్లు ఉతికి మడిచే చేతులతో
రెండే రెండు దుప్పట్లు సర్దాను.
ఆ తేలిక నాకెంత బాగుందో
పానకాలుకి చెప్పలేదు.
గట్టున గూడబాతులు,
ముక్కు కింద సంచులేసుకుని అచ్చం కొల్లేటివే.
"వీటికెవడిచ్చాడే వీసా?" అన్నాడు.

రాత్రి పంపకాల గొడవ.
అతనికి నడుం, నాకు సైనసు.
బొమ్మా బొరుసూ వేస్తే ఎడమ నాకొచ్చింది.
ఒంటిగంటకి వాన.
మొదటి చుక్క కనుబొమ్మ మీద,
రెండోది కాస్త ఆలోచించుకుని
అక్కడే.
ఉప్మా గిన్నె గుండెల మీద పెట్టుకుని
చుక్కకీ చుక్కకీ మధ్య అంకెలు లెక్కపెట్టాను.
ఆరు, ఆరు, ఒకోసారి ఏడు.
పక్కన గురక.

తిరిగొచ్చిన మర్నాడే
పద్నాలుగు డాలర్ల జిగురు గొట్టం కొని
నిచ్చెనెక్కి
పగులు కనిపించిన చోటల్లా పూడ్చాను.

పోర్ట్ ఫెయిరీలో, సముద్రం పక్కన,
మళ్ళీ వాన.
ఎడమ పక్క ఎండుగడ్డిలా పొడి.
నేను విజయగర్వంతో దుప్పటి లాక్కుంటుంటే
కుడిపక్కనుంచి కేక:
సరిగ్గా ముక్కు మీద పడిందిట పానకాలుకి.
ఎంత నవ్వానంటే
పక్క వ్యానులో కుక్క మొరిగింది.

పొద్దున మెర్విన్‌కి ఫోన్ చేశాను.
ఆయన కాసేపు మాట్లాడలేదు. టీ కలుపుతున్న చప్పుడు.
"ఒకసారి నేనూ మూశాను.
నీళ్ళు విన్నీ వైపుకి పోయాయి.
మళ్ళీ గీకేశాను" అన్నాడు.
రెండో గేరు ఎలా ఉందని అడిగాడు.

ఈ మాట పానకాలుకి చెప్తే
ఏమీ అనకుండా
ఉప్మా చెంచా తీసుకుని పైకెక్కాడు.
గంటసేపు గీకిన చప్పుడు.
దిగొచ్చాక
నెలకొకసారి పక్కలు మార్చుకుందామన్నాడు,
ముందు నెల ఎడమ తనదన్నాడు.
ముందు నెల ఆగస్టు.
ఇక్కడ ఆగస్టంటే ఎంత వానో
తెలిసే అన్నాడా,
నేనడగలేదు.

తలపిన్ను తీయబుద్ధి కాలేదు.
దాని పక్కనే నా కళ్ళజోడు పెట్టుకుంటున్నాను.
చెంచా మాత్రం ఎంత తోమినా జిగురు వాసన.
ఉప్మా కూడా.