బొమ్మ ఆగిపోయినప్పుడు

మంగళవారం పదిన్నరకి
ఒడ్వార్ వంటగది బల్ల మీద
ట్యాబు నిలబెట్టడం నా పని.
వెనక ఆనుకోడానికి ఎండుచేపల డబ్బా.
నిలబెట్టాక పక్కగదిలోకి పోవాలి,
మునిసిపాలిటీ నియమం.
పోతాను. తలుపే సరిగ్గా పడదు.
ఉప్పుగాలికి ఉబ్బి, ఈ దీవిలో ఏ తలుపూ పడదు.

నవంబరు ఆఖర్న మునిగిన పొద్దు
జనవరి దాకా లేవదు ఇక్కడ.
మూడయిందంటే రాత్రి మూడో పగలు మూడో
ఆయన గుండెకి తెలీదు.
ఉన్నట్టుండి దడదడ మొదలెడుతుంది.
నలభై ఏళ్లు పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి,
ఏ చప్పుడూ ఊరికే రాదంటాడు.

పోయినేడు రెండుసార్లు హెలికాప్టరొచ్చింది.
రెండుసార్లూ గుండె భేషుగ్గా ఉందన్నారు.
సిగ్గుతో నెల్లాళ్లు
కొట్టు ముఖం చూడలేదు ముసలాయన.

ట్రోమ్సో నుంచి ఇంగ్‌విల్, మనసు డాక్టరు,
మనవరాలి ఈడు.
మొదటి వారం ఆమెకి ఆయన నుదురే కనిపించింది.
రెండో వారం ఇంటికప్పు.
మూడో వారం అడిగింది:
"ఆ దడ ఏ ఇంజను చప్పుడులా ఉంటుంది?"
ఇక చూడండి,
ముప్పావుగంట నోరు మూస్తే ఒట్టు.

ఈ వారం తుఫాను.
పడవ రాలేదు, రొట్టె రాలేదు, ఉత్తరాలు రాలేదు.
ఆమె వచ్చింది.
"నా చెయ్యి లేస్తుంటే పీల్చండి,
దిగుతుంటే వదలండి."
చెయ్యి లేచింది.
అక్కడే ఆగిపోయింది బొమ్మ.

తలుపు సందులోంచి చూశాను.
గాల్లో అరచెయ్యి, సగం తెరిచిన నోరు.
ఎదురుగా బుగ్గలు నింపుకుని ఒడ్వార్,
నీళ్లలో మునకేసిన పిల్లాడిలా.
చెయ్యి దిగితే కదా వదలాలి! మాటంటే మాట.
వెళ్లనా, నియమమా, అని నేను గుమ్మంలో.
కిటికీ అద్దాన్ని సముద్రం చరుస్తోంది.

ఇక వల్లకాక
తన చెయ్యే ఎత్తాడు,
గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదలని చెయ్యి.
మెల్లగా దించాడు.
వదిలాడు.
మళ్లీ ఎత్తాడు. మళ్లీ.
తెరలో ఆమె చెయ్యి మాత్రం అలాగే ఉంది.

ఏడోసారికి కాబోలు ఆమె కదిలింది.
"వినిపిస్తున్నానా? ఎక్కడ ఆగాం?"
"నువ్వాగావు," అన్నాడు.
"నేనాగలేదు."

ట్యాబు మూసి, వెనక్కి తిరగకుండానే
నాతో అన్నాడు:
"వచ్చే మంగళవారం చిత్రిక తెచ్చుకో.
ఆ తలుపంచు గీసేద్దాం.
సందులో నిలబడితే చలేస్తుంది నీకు."