ముక్కరిగిన రాజు

ఆబిడ్స్‌లో ఆదివారం, ఫుట్‌పాత్ మీద,
ఇంటర్ గైడ్ల అడుగున దొరికింది.
ఎనభై అన్నాడు, అరవైకిచ్చాడు.
అట్ట లేదు. మొదటి పేజీలో సన్నటి అక్షరాలు:
"ఇటిక్యాల వామనరావు, రెసిడెన్సీ ఖజానా గుమాస్తా.
ఇంగిలీషు బంగారు నాణెములు, నేను చూచినవి."
కొన్నవి అని రాయలేదు. చూచినవి.

నేను గోల్డ్ లోన్ ఆఫీసులో, కాచిగూడ బ్రాంచి.
గీటురాయి, యాసిడ్ సీసా, చిన్న కాటా.
బంగారం గురించి
నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి.

పొద్దుగూకేవేళ చార్‌కమాన్ దాకా నడిచేవాడట,
భవానీదాస్ సరాఫు కొట్టుకి.
కుంపటి రాజుకునేలోపు
కరగబోయే గినీలు ఒకసారి చేతికిచ్చేవాడు సరాఫు:
"జల్దీ చూడు పంతులూ, బొగ్గులు ఖర్చయితున్నయి."

పలచటి కాగితం పరిచి
పెన్సిలు పక్కకి వాల్చి రుద్దితే
లండను రాజొకడు మెల్లగా పైకి తేలేవాడు,
ముందు జుట్టు, తర్వాత చుబుకం, ఆఖరికి కన్ను.
ముక్కు మాత్రం సరిగా రాదు.
"ఏ రాజుకైనను మొదట అరుగునది ముక్కే"
అని అంచున రాసుకున్నాడు.

పదకొండో పేజీలో
రాజు మెడ కింద చిట్టి ఏనుగు, వీపున కోట.
"ఇది మన ఏనుగే కావలెను!"
నాలుగు నెలలకి బొంబాయి నుంచి ఎవరో పెద్దమనిషి జవాబు:
కాదు, ఆఫ్రికా బంగారం తెచ్చిన కంపెనీ ముద్ర.
"ఏనుగు పరాయిదైనది."
ఆ నెలంతా మరేమీ రాయలేదు.

పంతొమ్మిదిలో మూడక్షరాలు, ఇ.ఐ.సి.
"మన కంపెనీవారు పోసిన బంగారమట.
ఇచ్చటినుండే పోయి
ముఖము వేయించుకొని మరల వచ్చినదేమో.
ఎనిమిది మాషాలు, నాలుగున్నర రత్తులు.
రాత్రికి గాజులైనది."

ఇంకొకటి పలచటిది, గినీ కన్నా ముసలిది.
"రెక్కల మనిషి. కాలికింద పాము. చేత బల్లెము.
గరుత్మంతుడా?"
ఎర్ర సిరాతో కొట్టేసి, పైన:
"మైకేలను దేవదూత. పాదిరీగారు చెప్పిరి."
కొట్టేసింది కూడా చదవగలిగేలా కొట్టేశాడు.
వెనక వైపు ఓడ. ఏ కాలాన బందరులో దిగిందో,
ఎవరి మొలమూటలో గోల్కొండ ఎక్కిందో.
పైన బెజ్జం.
చిల్లికాసు, ధర తగ్గుతుందన్నాడు సరాఫు.
బెజ్జమెందుకో తెలియడానికి
వామనరావుకి రెండేళ్లు, మూడు అరువు పుస్తకాలు పట్టాయి.
గండమాల వచ్చినవాళ్లని ఆ దేశపు రాజు
చేత్తో తాకి, ఈ కాసు మెడలో కట్టించేవాడట.
"గండమాలకు మాలయే మందు" అని రాసి
గీత కొట్టి, కింద చాలా చిన్నగా:
"మా కామాక్షికిని మెడన గడ్డలు.
సరాఫు నడిగితిని. ఇన్నాళ్లు కరిగింపక ఉంచినాడు.
ఒక్క రాత్రికి అరువిచ్చెను."

మర్నాటి తేదీతో:
"తిరిగి ఇచ్చితిని.
ఐదు మాషాలు, రెండున్నర రత్తులు. తరుగు లేదు."

కామాక్షి కూతురో, భార్యో, చెల్లెలో.
తర్వాతి పేజీలు మూసీ నీళ్లు తాగి
ఒకదానికొకటి అంటుకుపోయాయి.
బ్లేడుతో విడదీద్దామనుకున్నాను,
ఇంకా విడదీయలేదు.

ఇవాళ బర్కత్‌పురా నుంచి ఒకావిడ,
అత్తగారి అత్తగారివట, జత గాజులు.
రాయి మీద గీశాను. ఇరవైరెండు క్యారెట్లు.
గినీదీ అంతే.
రసీదు రాయాల్సినవాణ్ణి
గాజు లోపలి వైపు వేలు పెట్టి తడుముతున్నాను,
ఎక్కడైనా ఒక ముక్కు తగులుతుందేమోనని.

"ఏమన్నా తేడా ఉందా సార్?"

"లేదమ్మా. తూకం చూస్తున్నా."