రెండు పడవల మీద కాళ్ళు

ఆరోక్యమేరి గారు నా కొట్టుకొచ్చిన రోజు
నేను లారీ పట్టాకి కన్నాలు కొడుతున్నాను.
రాయపురం వంతెన దగ్గర
ఆడమనిషి పెద్దమిషను తొక్కుతుంటే
జనం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చూస్తారు.
ఆమె ఆగలేదు. లోపలికొచ్చి
ఆ పట్టా మీదే చాక్‌పీసుతో గీసింది:
పక్కపక్కన రెండు సన్నటి పడవలు,
మధ్య ఖాళీ,
ఒక్కోదాంట్లోంచి ఒక్కో కొయ్య.

"నడిమధ్యన గదా కొయ్య ఉండాల" అన్నాను.
"నడిమధ్యన ఏముందో చూడు."
చూశాను. నీళ్ళు.
నీళ్ళ మీద వేసిన దూలం నెత్తిన
అంతెత్తు కొయ్య నిలబెట్టి
ఉక్కుతాళ్ళతో అన్నివైపులా బిగిస్తే
అది దూలాన్నే గుచ్చుతుందట,
తగవు తీర్చబోయి మధ్యలో దూరినవాడిలా
ఇటుదీ అటుదీ అంతా తన వీపునే.
పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేన్లు చూసిన మనిషి.
ఏ బరువు ఎక్కడ దిగుతుందో
ముందు అదే కనిపిస్తుంది ఆమెకి.

కాశిమేడు యార్డులో నవ్వారు.
అంబత్తూరులో తూకానికి కొన్న
వీధిదీపం స్తంభాలు రెండు,
ఒక్క తాడు ఆసరా లేకుండా నిలబడితే
"బల్బులెప్పుడు పెడతారు?" అని.
చాపకి అడ్డంగా వెదురుబద్దలు చూసి
"తడిక కట్టుకుని అండమాన్ పోతారంట!" అని.
ఫైబరు పూసే ధనకోటి నన్నే అడిగాడు:
రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని
మీ తెలుగోళ్ళలో సామెత లేదా?
ఉంది, అన్నాను.
చెప్పినవాడు ఒడ్డున కూర్చుని చెప్పాడు.
మా నాయన చెంచయ్య నాలుగు మాన్లు కట్టిన తెప్ప మీద
నాలుగింటా కాళ్ళు పెట్టి
పులికాటు నుంచి ఇక్కడిదాకా వచ్చాడు.

చాపకి ఏడు బద్దలు, ఏడు జేబులు.
అలాంటివి రెండు చాపలు.
ఇటుకపొడి రంగు గుడ్డ.
పద్దెనిమిది సూదులు విరిగాయి,
పంతొమ్మిదోది నా బొటనవేల్లో.

మాఘంలో ఒక మధ్యాహ్నం నీళ్ళలోకి దిగాం.
గాలి పెరిగేకొద్దీ స్తంభాల కొసలు
సరుగుడు చెట్లలా వంగాయి, ఎక్కువైంది జారవిడిచాయి.
నా కుట్లనే చూస్తున్నాను నేను,
సముద్రాన్ని కాదు.
దక్షిణానికి తిప్పగానే, తూర్పుగాలి
సరిగ్గా పక్కనుంచి తగిలింది.
గాలివైపు చాప నిండుగా పొంగింది.
దాని నీడలో పడ్డ రెండోది
బిడ్డని తీసేసిన ఉయ్యాలలా వేలాడింది.
నా కడుపులో ఏదో జారింది.
ఆమె మాత్రం నోటు పుస్తకం తీసి రాసుకుంది.
"తెలుసా మీకిది?"
"మొదటి గీత గీసిన రోజే తెలుసు."
చుక్కాని బెత్తెడు పక్కకి నెట్టింది.
ఉయ్యాల కదిలింది, నిండింది.

ఎన్నూరు వైపు మబ్బు నల్లబడేసరికి
తాళ్ళు రెండూ వదిలేసింది, అంతే.
బద్ద మీద బద్ద, బద్ద మీద బద్ద,
విసనకర్ర మూసినట్టు
చాపలు వాటంతటవే కూర్చున్నాయి.
ఎవరూ ముందుకి పరిగెత్తలేదు.
అప్పుడర్థమైంది నాకు.
మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే మనిషి
నడిసముద్రంలో, రాత్రిపూట, ఒంటరిగా
కూర్చున్నచోటనుంచే చాప దించుకోవాలి.
స్తంభాలూ, వెదుళ్ళూ, విరిగిన నా సూదులూ
అన్నీ ఆ అరిగిపోయిన మోకాలి కోసం.
ఆ మాట ఆమె చెప్పలేదు.
నేనూ అడగలేదు.
కూలి లెక్కపెట్టి ఇచ్చింది, పైన విరిగిన సూదులకి కూడా.

చాక్‌పీసు బొమ్మ ఉన్న పట్టాని
డ్రైవరు ఎప్పుడో పట్టుకుపోయాడు.
నెల్లూరు రోడ్డు మీద ఎక్కడో
ఉల్లిపాయల బస్తాల పైన
రెండు కొయ్యల పడవొకటి పోతూ ఉంటుంది,
వాన పడేదాకా.